ఏ ఆప్షన్ ఉంచాలి, ఏది తీసేయాలి?

ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కావాలంటే రెండు దారులున్నాయి. తయారుగా ఉన్న ప్యాకేజీని దించుకోవడం ఒకటి. పోర్ట్స్ ద్వారా సోర్స్‌కోడ్ తెచ్చి మన యంత్రంలోనే కంపైల్ చేసుకోవడం రెండోది. రెండో దారిలో వెళ్లేవారికి ముందుగా ఎదురయ్యేది ఆప్షన్ల జాబితా. కొత్తవారు బెదిరేది ఇక్కడే. పనికొస్తాయేమోనని అన్నీ ఎంచుకునేవారూ ఉన్నారు, బరువు తగ్గుతుందని అన్నీ తీసేసేవారూ ఉన్నారు. రెండూ తొందరపాటే.

ఇక్కడ తీసేసిన ఆప్షన్, ప్రోగ్రామ్ లోపల నిద్రపోతూ ఉండదు. దాని కోడ్ అసలు కంపైలే కాదు. తర్వాత కావాలంటే మళ్లీ మొదటినుంచి కంపైల్ చేయాల్సిందే. అలాగే ఎంచుకున్న ప్రతి ఆప్షన్ తనకు కావలసిన లైబ్రరీలను వెంటబెట్టుకొస్తుంది. తెరే లేని సర్వర్‌లో ఎక్స్11 తీసేస్తే గ్రాఫిక్స్ లైబ్రరీలు చాలావరకు రావు. వాటి భద్రతా లోపాలను సరిచేసుకునే పనీ ఉండదు. డాక్స్, ఎగ్జాంపుల్స్ వంటివి ఉన్నా లేకపోయినా ప్రోగ్రామ్ పనితీరు మారదు. డీబగ్ మాత్రం లోపాలు వెతికేవారికే.

కొన్ని ఆప్షన్లు చట్టాన్నీ తాకుతాయి. వీడియో, ఆడియో మార్పిడికి వాడే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఇందుకు మంచి ఉదాహరణ. దానికి వీడియో ఎన్‌కోడర్ ఎక్స్264 జతచేస్తే మొత్తం జీపీఎల్ లైసెన్స్ కిందికి వస్తుంది. దానికి తోడు ఆడియో ఎన్‌కోడర్ ఎఫ్‌డీకే-ఏఏసీ కూడా కలిపితే ఆ రెండు లైసెన్సులకూ పొసగదు. అలా తయారైన ఫైలును సొంతానికి వాడుకోవచ్చు గానీ ఇతరులకు పంచకూడదు.

ఆచరణలో ముందుగా 'మేక్ కాన్ఫిగ్-రికర్సివ్' ఆదేశం ఇవ్వండి. ఆధారపడే పోర్టుల ప్రశ్నలన్నీ ముందే అడిగేస్తుంది. లేకపోతే కంపైల్ మధ్యలో ఆగి మీ జవాబు కోసం ఎదురుచూస్తుంది. మీ ఎంపికల వల్ల కొత్త పోర్టులు చేరవచ్చు కాబట్టి, ప్రశ్నలు ఆగేదాకా ఆ ఆదేశాన్ని మళ్లీ ఇవ్వాలి. ఎంపికలు /var/db/ports డైరెక్టరీలో నిలిచి ఉంటాయి. తికమక పడితే 'మేక్ ఆర్ఎంకాన్ఫిగ్' అంటే చాలు, మళ్లీ డిఫాల్ట్‌లే వస్తాయి.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. ప్యాకేజీలను తాజాపరిచే 'పీకేజీ అప్‌గ్రేడ్' ఆదేశం ఇచ్చినప్పుడు ఆప్షన్లలో తేడా కనిపిస్తే, మీరు కంపైల్ చేసినదాన్ని తీసి డిఫాల్ట్ ప్యాకేజీని పెట్టబోతుంది. 'పీకేజీ లాక్'తో దాన్ని ఆపవచ్చు. కానీ అప్పటినుంచి ఆ సాఫ్ట్‌వేర్‌ను తాజాగా ఉంచే పూచీ మీదే.

అందుకే మార్చబోయే ప్రతి ఆప్షన్‌కూ ఒక వాక్యంలో కారణం చెప్పగలరేమో చూసుకోండి. చెప్పగలిగితే మార్చండి. చెప్పలేకపోతే డిఫాల్ట్‌ను అలాగే ఉంచండి. ఒక్క ఆప్షన్ కూడా మార్చనవసరం లేదని తేలితే, కంపైల్ ఊసే వదిలేసి తయారు ప్యాకేజీని దించుకోవడం మేలు.