బొమ్మరైలు దీపాలకు ఏ అడాప్టర్?

బడిలో సైన్సు ప్రదర్శన. పిల్లలు అట్టలతో రైల్వే స్టేషను కట్టారు. పట్టాలు పరిచారు. బొమ్మరైలు పెట్టారు. ప్లాట్‌ఫారం మీద 10 దీపాలు, అట్ట ఇళ్లలో 6 దీపాలు అమర్చారు. అన్నీ గింజంత బల్బులే.

ముందురోజు రాత్రి ఒక పిల్లవాడు పాత కంప్యూటరు చార్జరు తెచ్చాడు. దాన్ని దీపాలకు కలపబోయాడు. పక్కనే వాళ్లమ్మ ఉంది. ఆమె కిందటేడే చదవడం నేర్చుకుంది.

"ఆగరా కన్నా! దాని మీద ఏం రాసుందో చూడనీ" అంది.

చార్జరు మీద 19 వోల్టులు అని ఉంది. బల్బుల పొట్లం మీద 12 వోల్టులు అని ఉంది.

"రెండూ ఒకటి కాదు కదరా!"

అమ్మ చూడకపోతే ఏమయ్యేది? బల్బులు మరీ ఎక్కువగా వెలిగి, త్వరగా మాడిపోయేవి. పక్కనున్న అట్ట వేడెక్కేది. తెల్లారితే ప్రదర్శన. పిల్లల కష్టమంతా వృథా అయ్యేది.

అడాప్టర్ ఏం చేస్తుంది?

మన ఇంటి ప్లగ్గులో 230 వోల్టుల కరెంటు ఉంటుంది. అది తగిలితే ప్రాణం పోవచ్చు. బొమ్మ దీపానికి అంత కరెంటు అక్కర్లేదు. అడాప్టర్ దాన్ని 12, 9, 5 వోల్టులకు తగ్గించి ఇస్తుంది. ప్లగ్గులో తీగలు దూర్చి నేరుగా బొమ్మలకు ఎప్పుడూ కలపకండి.

ఏం చదవాలి?

అడాప్టర్ మీద చిన్న అక్షరాలు ఉంటాయి. 'ఇన్‌పుట్' అంటే లోపలికి వచ్చే కరెంటు. 'అవుట్‌పుట్' అంటే బయటికి ఇచ్చే కరెంటు. మనం అవుట్‌పుట్ అంకెలు చూడాలి.

అంకె పక్కన ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. తిరగేసిన గుడిసెలా ఉంటే అది వోల్టు. నిలబెట్టిన గుడిసెలా ఉండి, మధ్యలో అడ్డగీత ఉంటే అది ఆంపియర్. దాని ముందు మూడు కాళ్ల చిన్న అక్షరం ఉంటే మిల్లీ ఆంపియర్. 1000 మిల్లీ ఆంపియర్లు అయితే 1 ఆంపియర్.

వోల్టు పొయ్యి మంట లాంటిది. మంట తక్కువైతే అన్నం ఉడకదు. ఎక్కువైతే మాడుతుంది. అందుకే వోల్టు సరిగ్గా సరిపోవాలి.

ఆంపియర్ గిన్నెలో అన్నం లాంటిది. గిన్నెలో ఎంత ఉన్నా మనం తినేంతే పెట్టుకుంటాం. బల్బు కూడా తనకు కావలసినంతే తీసుకుంటుంది. అందుకే ఆంపియర్ ఎక్కువ ఉన్నా ఫరవాలేదు. తక్కువైతే అడాప్టర్ మీద భారం పడుతుంది. అది వేడెక్కి కాలిపోవచ్చు.

అమ్మ లెక్క

"ఒక్కో బల్బుకు ఎంత కావాలిరా?"

"50 మిల్లీ ఆంపియర్లమ్మా."

"మొత్తం 16 బల్బులు. 16 యాభైలు 800. కొంచెం ఎక్కువే ఉండాలి. 12 వోల్టులు, 1 ఆంపియర్ అడాప్టర్ తెద్దాం."

కొడుకు మరో మాట అడిగాడు. "రైలు నడిపే పెట్టె ఉంది కదమ్మా! దానికే దీపాలు కలిపితే?"

"రైలు మెల్లగా పోవాలంటే ఏం చేస్తావు?"

"పెట్టె మీద మీట తిప్పి వోల్టులు తగ్గిస్తాను."

"అప్పుడు దీపాలు కూడా మసకబారతాయి. రైలు ఆగితే ఆరిపోతాయి. రైలుకు వేరు, దీపాలకు వేరు ఉండాలి."

మర్నాడు రైలు స్టేషనులో ఆగింది. దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

గుర్తుంచుకోండి

వోల్టు సమానంగా ఉండాలి. ఆంపియర్ సమానంగా గానీ, ఎక్కువగా గానీ ఉండాలి.

ఎల్.ఇ.డి. దీపాలైతే డీసీ అడాప్టర్ కావాలి. దాని మీద పైన నిండు గీత, కింద తెగిన గీత ఉంటాయి. అల లాంటి గీత ఉంటే అది ఏసీ. ఎల్.ఇ.డి. దీపాలకు ప్లస్సు, మైనస్సు తారుమారు కాకూడదు.

తీగలు తేలిన అడాప్టర్ వాడకండి. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే వెంటనే స్విచ్చి ఆపండి. తడి చేతులతో ముట్టుకోకండి.

మీరు చేయండి

1. మీ ఇంట్లో ఉన్న చార్జరు మీద అవుట్‌పుట్ అంకెలు చదవండి. కాగితం మీద రాయండి.

2. 12 వోల్టుల బల్బులు 8 ఉన్నాయి. ఒక్కోదానికి 50 మిల్లీ ఆంపియర్లు కావాలి. 12 వోల్టులు, 300 మిల్లీ ఆంపియర్ల అడాప్టర్ సరిపోతుందా? ఎందుకు?