బతుకమ్మకు గునుగు, తంగేడే ఎందుకు?

బంతి, చామంతి ఎన్ని ఉన్నా గునుగు, తంగేడు లేనిదే బతుకమ్మకు నిండుదనం రాదు. ఎందుకు? వానలు తగ్గుముఖం పట్టే వేళ తెలంగాణ చెలకల్లో, గట్ల మీద ఇవి వాటంతటవే విరగబూస్తాయి. విత్తేవారు లేరు, నీళ్లు పోసేవారు లేరు. కొనక్కర్లేని పూలు కాబట్టి ఏ ఇంటివారైనా బతుకమ్మను పేర్చుకోవచ్చు.

ఎలా పేరుస్తారు? తాంబాళంలో గుమ్మడాకులు పరుస్తారు. తెల్లని గునుగు కొసల్ని రంగునీళ్లలో ముంచి, తంగేడుతో కలిపి గోపురంలా వరుసలు పేరుస్తారు. మధ్య ఖాళీలో ఆకులూ తుంచిన కాడలూ కూరుతారు. బయటికి కనిపించవు గానీ గోపురాన్ని నిలబెట్టేవి అవే! పైన పసుపు గౌరమ్మ.

తొమ్మిది రోజుల ఆటపాటకు పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు చివరి రోజైన సద్దుల బతుకమ్మనాడు బతుకమ్మను చెరువులో వదులుతారు. నీళ్లలో కలిసిపోయే పూలవి. పిల్లలూ, ప్లాస్టిక్ పూలు మాత్రం పెట్టనివ్వకండి.