కొనని టికెట్టుకి కోటి రూపాయలా?

"బిడ్డా, 15 వేలు సర్దుతవా? నెల తిరగకముందే ఇచ్చేస్త" అంటూ దేవరకొండ నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసింది. ఎన్నడూ ఒకరి ముందు చేయి చాచని మనిషి! ఎందుకో ఎంతడిగినా చెప్పలేదు. మనసాగక ఆదివారం నల్లగొండలో బస్సెక్కాను.

బ్రిటన్ లాటరీలో తన ఫోన్ నంబరుకి కోటి రూపాయలు తగిలాయని మెసేజ్ వచ్చిందట. డబ్బు పంపే ఖర్చులకని 8 వేలు, రిజర్వు బ్యాంకు సర్టిఫికెట్టుకని 22 వేలు కట్టేసింది. దానికోసం గాజులు కుదువపెట్టింది. ఇప్పుడు కస్టమ్స్ పన్నట!

"టికెట్టు ఎప్పుడు కొన్నవ్ చిన్నమ్మా?"

"కొనలే."

"చిన్నాయనకు చెప్పినవా?"

"ఎవ్వరికి చెప్పొద్దన్నరు. చెప్తే నంబరు క్యాన్సిలయితదట."

మోసం అక్కడే తెలిసిపోతోంది. ఇంట్లో ఒక్కరికి చెప్పినా ఆ గాజులు చేతికే ఉండేవి.

మీకూ ఇలాంటి మెసేజ్ వస్తే ఇవి గుర్తుంచుకోండి.

* కొనని టికెట్టుకి బహుమతి రాదు.

* మన దేశంలో లాటరీ సొమ్ముపై పన్నును ఇచ్చేవాళ్లే పట్టుకుని మిగతాది ఇస్తారు. ముందుగా కట్టమంటే మోసమే.

* రిజర్వు బ్యాంకులో మామూలు జనానికి డబ్బు దాచుకునే ఖాతాలుండవు. బహుమతి సొమ్ము పంచడం దాని పని కాదు.

* విదేశీ మారకద్రవ్య చట్టం కింద 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం, లాటరీ టికెట్ల కోసం మన దేశం నుంచి బయటికి డబ్బు పంపకూడదు.

* పేర్లు మారుతుంటాయి. మహబూబ్‌నగర్‌లోని నా స్నేహితురాలికి 'కౌన్ బనేగా కరోడ్‌పతి' పేరు వాడుకుని 25 లక్షలంటూ వచ్చింది.

డబ్బు కట్టేశారా? సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే, ఆ డబ్బు చేతులు మారకముందే ఆపించే వీలు అంత ఎక్కువ. మెసేజీలు, కట్టిన రసీదులు చెరిపేయొద్దు. పోయిన డబ్బు తెచ్చిపెడతామని ఫీజు అడిగేవాళ్లనూ నమ్మొద్దు.

మేం ఫిర్యాదు చేసేసరికి 11 రోజులు దాటిపోయాయి. డబ్బింకా రాలేదు. చిన్నాయన కాసేపు కోప్పడి, "ముందే చెప్తే అయిపోవు గదనే" అని ఊరుకున్నాడు.

తర్వాత చిన్నమ్మ తమ మహిళా సంఘం మీటింగులో జరిగినదంతా చెప్పింది. అందరూ వెళ్లిపోయాక ఒకావిడ దగ్గరికొచ్చి, మెల్లగా తన ఫోన్ చూపించిందట. అదే మెసేజ్. మర్నాడు డబ్బు కట్టాల్సి ఉంది.

కట్టలేదు!