ముద్రకు ముద్రే సాక్షి

మనిషి తనను ఎరిగినవారి నడుమ బ్రతికినంత కాలం అతనికి పత్రంతో అంతగా పని పడదు. ఇచ్చోడలో ఒక యువకుడు ఎవరి కుమారుడో, ఏ బడిలో చదివాడో, ఏ ఇంటి అల్లుడో చెప్పడానికి ఊరే సాక్షి. అతడే దుబాయిలోనో మస్కట్‌లోనో ఒక కార్యాలయంలో అధికారి ముందు నిలబడితే ఆ సాక్ష్యం అక్కరకు రాదు. ఆ అధికారికి అతడు తెలియడు. అతని చేతిలోని పత్రంపై సంతకం చేసినవారు తెలియరు. ఆ సంతకం వారిదేనని చెప్పగలవారూ తెలియరు. ఒక దేశంలో పుట్టిన పత్రానికి మరొక దేశంలో నమ్మకం కలిగించడానికి చేసే ఏర్పాటునే ప్రామాణీకరణ అంటారు. వాడుకలో దీనిని ‘అటెస్టేషన్’ అంటున్నారు.

ఇచ్చోడ ఆదిలాబాద్ జిల్లాలో హైదరాబాదు, నాగపూర్ నగరాలను కలిపే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న మండల కేంద్రం. తెలుగుతో పాటు గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ, ఉర్దూ భాషలు వినవచ్చే సీమ ఇది. ఆదిలాబాద్, నిర్మల్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వలస 1970ల నుండి సాగుతూ వస్తున్నది. తొలితరం వారు కాయకష్టానికి పోయారు. పాస్‌పోర్టు, వీసా ఉంటే వారికి చాలా వరకు సరిపోయేది. తరువాతి తరంలో నర్సులుగా, సాంకేతిక నిపుణులుగా, ఇంజనీర్లుగా పోయేవారు పెరిగారు. వారికి డిగ్రీ పట్టా కావాలి. భార్యను వెంట తీసుకుపోవడానికి వివాహ ధ్రువపత్రం కావాలి. బిడ్డను అక్కడి బడిలో చేర్చడానికి జనన ధ్రువపత్రం, ఇక్కడి బడి ఇచ్చిన టి.సి. కావాలి. ఒక్కొక్క పత్రం వెనుక ఒక ఉద్యోగమో, ఒక కాపురమో, ఒక చదువో ఆగి ఉంటుంది.

పత్రాన్ని నమ్మించడమన్న సమస్య కొత్తది కాదు. లంకలో సీతకు కనిపించిన హనుమంతుడు తాను రాముని దూతనని చెప్పుకొన్నాడు. ఆ మాటకు బలం చేకూర్చినది రాముని పేరు చెక్కిన ఉంగరం. యాజ్ఞవల్క్య స్మృతిలోని వ్యవహారాధ్యాయం రుణపత్రం ఎట్లా ఉండాలో విధించింది. అప్పు పుచ్చుకొన్నవాడు తన పేరుతో పాటు తండ్రి పేరును స్వహస్తంతో వ్రాయాలి. సాక్షులూ అట్లే వ్రాయాలి. చివర లేఖకుడు సైతం తానెవరి కుమారుడో తెలిపి ముగించాలి. రాజు ఇచ్చే దానశాసనానికి రాజముద్ర ఉండాలని కూడ ఆ స్మృతి చెప్పింది. తూర్పు చాళుక్యుల రాగిరేకులను ఒక వలయానికి గుచ్చి, వరాహ లాంఛనం, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న బిరుదం గల ముద్ర వేసేవారు. రేకులలో ఒకటి మార్చాలంటే ముద్రను ఛేదించక తప్పదు. పేరు, తండ్రి పేరు, సంతకం, ముద్ర – నేటి విదేశాంగ కార్యాలయాలు చూసేవి కూడ దాదాపు ఇవే.

నేటి పద్ధతిని ఒక గొలుసుతో పోల్చవచ్చు. ఇచ్చోడలోని విద్యార్థి డిగ్రీ పూర్తిచేసి విదేశంలో ఉద్యోగం పొందాడనుకొందాం. అతని పట్టా మొదట రాష్ట్ర ప్రభుత్వ విద్యాశాఖ పరిశీలనకు పోవాలి. అది నిజంగా ఆ విశ్వవిద్యాలయం ఇచ్చినదేనని తేలిన తరువాత అక్కడి అధీకృత అధికారి సంతకం చేస్తాడు. జనన, వివాహ పత్రాల వంటి వ్యక్తిగత పత్రాలకు ఈ పనిని రాష్ట్ర హోం శాఖ లేదా సాధారణ పరిపాలన శాఖ నిర్వహిస్తుంది. అటు తరువాతి కొండి భారత విదేశాంగ మంత్రిత్వ శాఖ. ఆ శాఖకు ఇచ్చోడ విద్యార్థి తెలియనవసరం లేదు; అతని విశ్వవిద్యాలయమూ తెలియనవసరం లేదు. రాష్ట్ర అధికారి సంతకపు నమూనా తన వద్ద ఉంటుంది. దానితో పోల్చి, సరిపోతే తన ముద్ర వేస్తుంది. ప్రతి కొండీ తన ముందున్న కొండిని మాత్రమే ఎరుగును. ఇందులోనే ఈ పద్ధతి బలమూ ఉన్నది, బలహీనతా ఉన్నది.

నోటరీ వద్ద వేయించిన ముద్రతోనో, జిరాక్సు ప్రతిపై గెజిటెడ్ అధికారి చేసిన సంతకంతోనో ఈ పని జరుగుతుందని భావించేవారు నేటికీ ఉన్నారు. గెజిటెడ్ అధికారి చెప్పేది నకలు అసలుకు సరిపోయినదని మాత్రమే. అసలు అసలైనదేనా అన్న ప్రశ్నకు అక్కడ సమాధానం లేదు.

ఈ గొలుసును కుదించడానికి 1961 అక్టోబరు 5న నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఒక అంతర్జాతీయ ఒడంబడిక రూపొందింది. దాని ప్రకారం సభ్యదేశం నియమించిన అధికారి పత్రానికి ‘అపోస్టిల్’ అనే ధ్రువీకరణను జతచేస్తే చాలు. ఇతర సభ్యదేశాలు రాయబార కార్యాలయాల ముద్రలు అడగకుండా దానిని అంగీకరిస్తాయి. అపోస్టిల్ అన్నది ఫ్రెంచి మాట. అంచున వ్రాసిన టిప్పణి అని దాని అర్థం. మన తాళపత్ర ప్రతులలో చదువరులు అంచులందు వ్రాసుకొన్న టిప్పణులు తెలిసినవారికి ఈ పేరు పరాయిదిగా తోచదు. దీని రూపాన్ని సైతం ఒడంబడికే నిర్ణయించింది: కనీసం 9 సెంటీమీటర్ల భుజం గల చతురస్రం, 10 అంశాలు, ఫ్రెంచి భాషలోనే ఉండవలసిన శీర్షిక. భారతదేశానికి ఈ ఒడంబడిక 2005 జూలై 14 నుండి అమలులోకి వచ్చింది. మన దేశంలో అపోస్టిల్ ఇచ్చేది విదేశాంగ మంత్రిత్వ శాఖ. ఆ శాఖ రుసుము పత్రానికి 50 రూపాయలు. ఒకప్పుడు ప్రతి పత్రమూ ఢిల్లీకి పోయి రావలసినదే. 2019 నుండి హైదరాబాదుతో సహా పలు నగరాలలో ఈ సేవ లభిస్తున్నది. దరఖాస్తులను మంత్రిత్వ శాఖ అధీకృతం చేసిన సంస్థలు స్వీకరిస్తాయి.

అయితే ఉత్తర తెలంగాణ వాసులు ఎక్కువగా పోయే దేశాలన్నిటికీ ఇది వర్తించదు. ఒమన్‌లో 2012 నుండి, బహ్రెయిన్‌లో 2013 చివరి నుండి, సౌదీ అరేబియాలో 2022 డిసెంబరు 7 నుండి ఈ ఒడంబడిక అమలులోకి వచ్చింది. ఐక్య అరబ్ ఎమిరేట్స్, ఖతార్, కువైట్ దేశాలకు పోయే పత్రాలు పాత దారినే పట్టాలి. అనగా రాష్ట్రశాఖ, విదేశాంగ శాఖ ముద్రలు పొందిన పత్రంపై మన దేశంలోని ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర వేయాలి; పిమ్మట ఆ దేశపు విదేశాంగ శాఖ తన రాయబారి ముద్రను గుర్తించాలి. సభ్యత్వం ఉన్నంత మాత్రాన చిక్కు తీరిందనుకోరాదు. భారతదేశం చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం తెలిపినందున ఉభయ దేశాల మధ్య ఒడంబడిక అమలులోకి రాలేదు. కాబట్టి పత్రం ఏ దేశానికి పోవాలో నిశ్చయించుకొన్న తరువాతనే ముద్రల కొరకు తిరగడం వివేకం.

ఇక్కడ తప్పక గ్రహించవలసిన విషయం ఒకటి ఉన్నది. అపోస్టిల్ గాని, రాయబార కార్యాలయపు ముద్ర గాని పత్రంలోని విషయం సత్యమని చెప్పదు. సంతకం ఎవరిది, వారు ఏ హోదాలో చేశారు, ముద్ర ఏ కార్యాలయానిది – ఈ మూడింటినే ఒడంబడిక ధ్రువీకరించమంటుంది. ముద్ర నిజమైనంత మాత్రాన లేఖ నిజం కాదన్న సంగతిని విశాఖదత్తుని ‘ముద్రారాక్షసం’ కంటే బాగా చూపిన రచన అరుదు. రాక్షసమంత్రి ఉంగరం చాణక్యుని చేత చిక్కింది. ఆ ఉంగరంతో ముద్రించిన కూటలేఖను చూసి మలయకేతువు మోసపోయాడు; మిత్రులైన అయిదుగురు రాజులను చంపించాడు, రాక్షసుని దూరం చేసుకొన్నాడు. ఉంగరం అసలైనదే. మోసం అంతా దాని క్రింద ఉన్న లేఖలో ఉన్నది.

దొంగ పట్టాల వ్యాపారం ఈ లోపం మీదనే బ్రతుకుతున్నది. గొలుసులో తొలి కొండి, అనగా విద్యాసంస్థ రికార్డుతో సరిచూసే పని, సక్రమంగా జరిగితే దొంగ పట్టా అక్కడే ఆగిపోతుంది. ‘మీరు తిరగనక్కర లేదు, అన్ని ముద్రలూ మేమే వేయించి తెస్తాం’ అనే దళారులు కొందరు ఆ కొండినే దాటవేసి, ముద్రలను సైతం కల్పిస్తారు. అయితే అసలైన అపోస్టిల్‌కు ఒక సంఖ్య ఉంటుంది. దాని వివరాలను రికార్డు చేయడం ఒడంబడిక విధించిన బాధ్యత. విదేశంలోని అధికారి ఆ సంఖ్యతో సరిచూడగలడు. అప్పుడు నేరస్థుడుగా నిలబడేది దళారి కాదు, పరాయి దేశంలో పత్రం చూపినవాడు.

మోసం లేనిచోట కూడ పత్రాలు తిరిగి వస్తాయి. దీనికి ముఖ్యకారణం పేరు. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది. పదవ తరగతి మెమోలో అది పూర్తిగా ఉంటే, కళాశాల రికార్డులో ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. పాస్‌పోర్టులో వేరే గడిలోకి మారుతుంది. లక్ష్మి అన్న పేరును ఒక గుమాస్తా ఇంగ్లీషులో ‘ఎక్స్’ అక్షరంతో వ్రాస్తే, మరొకరు ‘కె, ఎస్, హెచ్’ అక్షరాలతో వ్రాస్తారు. ఊరిలో ఇద్దరూ ఒక లక్ష్మినే వ్రాశారు. రాయబార కార్యాలయానికి వారు ఇద్దరు లక్ష్ములు. ఆదిలాబాద్ సీమలో ఈ చిక్కు మరింత ఎక్కువ. గోండి పేరు మరాఠీ బడిలో ఒక రూపం, తెలుగు పంచాయతీలో మరొక రూపం పొందుతుంది. అరబీ లిపిలో ‘ప’కారం లేదు. పోశెట్టి అన్న పేరు అనువాదంలో ‘బ’కారంతో మొదలవుతుంది. పాస్‌పోర్టు సంఖ్యను, ఇంగ్లీషు వర్ణక్రమాన్ని అనువాదంలో యథాతథంగా చేర్పించినవారికి ఈ బాధ తగ్గుతుంది. పెండ్లి తరువాత ఇంటిపేరు మారిన స్త్రీల విషయంలో చదువు పత్రాలకు, పాస్‌పోర్టుకు మధ్య వివాహ ధ్రువపత్రమే వంతెన.

పుట్టిన తేదీది మరొక కథ. బిడ్డను బడిలో చేర్చేనాడు తండ్రికి తేదీ గుర్తులేక, ఉపాధ్యాయుడు జూన్ నెలలో ఏదో ఒక దినం వేసిన సందర్భాలు పల్లెలలో అనేకం. ఆ తేదీయే పదవ తరగతి మెమోకు ఎక్కుతుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టుకను 21 దినాలలో తెలియజేయాలి. గ్రామంలో ఆ రిజిస్టరు పంచాయతీ కార్యదర్శి వద్ద ఉంటుంది. ఏడాది దాటిన నమోదుకు, 2023 సవరణ తరువాత, జిల్లా మేజిస్ట్రేటు గాని, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు గాని, అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గాని ఉత్తర్వు ఇవ్వాలి. అదే సవరణ అమలులోకి వచ్చిన 2023 అక్టోబరు 1 నాడు గాని, ఆ తరువాత గాని పుట్టినవారికి బడిలో ప్రవేశం మొదలు పాస్‌పోర్టు వరకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. పేరు లేకుండా నమోదైన బిడ్డకు తరువాత పేరు చేర్పించడానికి వీలున్నది. ఆ గడి ఖాళీగా ఉన్న ధ్రువపత్రం విదేశంలో ఏ బిడ్డదో చెప్పజాలదు.

పత్రాలు ఇక్కడి నుండి పోవడమే కాదు, అక్కడి నుండి రావలసిన సందర్భాలూ ఉన్నాయి. గల్ఫ్‌లో ఉన్న వ్యక్తి ఇచ్చోడలోని తన భూమి వ్యవహారాన్ని తమ్మునికి అప్పగించాలంటే అధికారపత్రం పంపాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం దానిని భారత కాన్సులేటు అధికారి ఎదుటనో, అక్కడి నోటరీ లేదా న్యాయస్థానం ఎదుటనో వ్రాసి ఇవ్వమంటుంది. మన దేశానికి చేరిన మూడు నెలలలో దానికి ఇక్కడి స్టాంపు సుంకం కట్టాలి. గడువు దాటిన కాగితంతో కార్యాలయాల చుట్టూ తిరిగే తమ్ములు తక్కువేమీ కారు.

అన్నిటికంటే బరువైన కాగితం అక్కడ మరణించినవారిది. ఆ దేశం ఇచ్చే మరణపత్రం అరబీలో ఉంటుంది. దానిని అనువదింపజేసి భారత కాన్సులేటులో నమోదు చేయిస్తే, 1969 చట్టంలోని 20వ విభాగం ప్రకారం ఆ మరణం మన దేశంలో నమోదైనట్లే లెక్క. భౌతికకాయం పెట్టె వెంట వచ్చే కాగితాల కట్టలో ఈ పత్రం ఉన్నదో లేదో దుఃఖంలో ఎవరూ చూడరు. నెలలు గడచి, బీమా కొరకో, భూమి మార్పిడి కొరకో, బ్యాంకు పైకము కొరకో భార్య కార్యాలయానికి పోయిననాడు మొదట అడిగేది దానినే. అందులో భర్త పేరు వర్ణక్రమం అతని పాస్‌పోర్టుతోను, ఆమె పేరు తన ఆధార్ కార్డుతోను సరిపోవాలి.