గడువు దాటిన సమాధానం తప్పే: వ్యవసాయ యంత్రాలలో రియల్ టైమ్ కంప్యూటింగ్ మూలసూత్రాలు

వ్యవసాయ యంత్రాలలో కంప్యూటర్ నియంత్రణ విస్తరిస్తున్నది. డ్రోన్లు, కలుపు మొక్కను గుర్తించి దానిపైన మాత్రమే మందు చల్లే స్ప్రేయర్లు, నేలలోని తేమను బట్టి తెరుచుకొనే బిందు సేద్యపు వాల్వులు ఇందుకు ఉదాహరణలు. వీటిని పొలంలో పరీక్షించి రైతులకు సిఫారసు చేయవలసిన విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు వీటి వెనుకనున్న రియల్ టైమ్ కంప్యూటింగ్ మూలసూత్రాలు తెలిసి ఉండటం అవసరం.

వేగం కాదు, గడువు

రియల్ టైమ్ వ్యవస్థలో ఫలితం సరైనదై ఉండటమే కాక, నిర్ణీత గడువులోగా అందాలి. రియల్ టైమ్ అంటే అతివేగమన్న భావన సరికాదు. గడువు 100 మిల్లీసెకన్లు అయినప్పుడు, సాధారణంగా 5 మిల్లీసెకన్లలో స్పందిస్తూ అప్పుడప్పుడు 500 తీసుకొనే యంత్రం కన్నా, ప్రతిసారీ 50 లోపు స్పందించే యంత్రమే మేలు. సీజను సగటు వర్షపాతం సాధారణంగానే ఉన్నా, పూత దశలో బెట్ట వస్తే దిగుబడి దెబ్బతింటుంది. ఇక్కడ కూడా సగటు కన్నా గడ్డు పరిస్థితిలో పట్టే గరిష్ఠ సమయమే ప్రమాణం.

గడువులు మూడు రకాలు. గడువు తప్పితే ప్రమాదం వాటిల్లేది కఠిన గడువు. డ్రోన్‌ను గాలిలో నిలకడగా ఉంచే నియంత్రణ ఇటువంటిది. గడువు దాటాక ఫలితం పూర్తిగా నిరుపయోగమయ్యేది దృఢ గడువు. నాజిల్‌ను దాటిపోయిన కలుపు మొక్క ఇందుకు నిదర్శనం. కొంత ఆలస్యాన్ని సహించేది మృదు గడువు. బిందు సేద్యపు వాల్వు ఒక నిమిషం ఆలస్యంగా తెరుచుకున్నా పైరుకు నష్టం ఉండదు.

పనుల కేటాయింపు

ఒక స్ప్రేయర్‌లోని ప్రాసెసర్ మూడు పనులు చేస్తున్నదనుకొంటే: నాజిల్ నియంత్రణ ప్రతి 20 మిల్లీసెకన్లకు 4, చక్రం వేగం కొలత ప్రతి 50కి 5, చిత్ర విశ్లేషణ ప్రతి 100కి 40 మిల్లీసెకన్ల సమయం తీసుకొంటాయి. ప్రాసెసర్‌పై మొత్తం భారం 20 + 10 + 40 = 70 శాతం. తక్కువ వ్యవధిలో పునరావృతమయ్యే పనికి ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చే పద్ధతిని లియు, లేలాండ్ 1973లో విశ్లేషించారు. వారి సూత్రం ప్రకారం మూడు పనులకు భారం సుమారు 78 శాతం మించనంతవరకు, పనులు పరస్పరం ఆధారపడనిచో, గడువులన్నీ తప్పక నెరవేరుతాయి.

కలుపు దట్టంగా ఉండి విశ్లేషణకు 60 మిల్లీసెకన్లు పడితే భారం 90 శాతానికి చేరుతుంది. అంతమాత్రాన గడువు తప్పుతుందని కాదు. విడిగా లెక్కించి చూడాలి. ఆ విశ్లేషణ సాగుతుండగా నాజిల్ పని ఐదుసార్లు, వేగం కొలత రెండుసార్లు అడ్డు వస్తాయి: 60 + 20 + 10 = 90 మిల్లీసెకన్లు. గడువు 100 గనుక విశ్లేషణ సకాలంలోనే ముగుస్తుంది.

ట్రాక్టర్ వేగంతో ముడి

కెమెరా, నాజిల్ మధ్య దూరం 60 సెంటీమీటర్లు, ట్రాక్టర్ వేగం గంటకు 7.2 కిలోమీటర్లు అయితే మొక్క నాజిల్ కిందికి రావడానికి 300 మిల్లీసెకన్లు పడుతుంది. తదుపరి చిత్రం కోసం గరిష్ఠంగా 100, విశ్లేషణకు 90, నాజిల్ పని వంతు వచ్చేందుకు 20, అది పూర్తయ్యేందుకు 4 కలిపి 214 మిల్లీసెకన్లు ఖర్చవుతాయి. వాల్వు తెరుచుకొని తుంపరలు మొక్కను చేరేందుకు 86 మిగులుతాయి. అదే వేగం గంటకు 10.8 కిలోమీటర్లకు పెరిగితే ఉన్న సమయమే 200 మిల్లీసెకన్లు. అంటే వాల్వు తెరుచుకొనే సరికే మొక్క దాటిపోయి ఉండవచ్చు. ప్రోగ్రామ్‌లో దోషం ఏదీ లేకపోయినా కలుపు మిగిలిపోతుంది. మందు పైరుపై పడే అవకాశమూ ఉంటుంది.

ప్రాధాన్యాల తారుమారు

పనులు ఒకే వనరును పంచుకొన్నప్పుడు మరొక చిక్కు ఎదురవుతుంది. 1997 జులై 4న అంగారకుడిపై దిగిన పాత్‌ఫైండర్ నౌకలో కంప్యూటర్ పదేపదే తనంతట తానే పునఃప్రారంభమైంది. తక్కువ ప్రాధాన్యం గల వాతావరణ సమాచార సేకరణ పని ఒక ఉమ్మడి వనరును పట్టుకొని ఉండగా, మధ్యస్థ ప్రాధాన్యం గల పనులు దానిని ఆపివేశాయి. ఫలితంగా ఆ వనరు కోసం వేచి ఉన్న అధిక ప్రాధాన్యం గల పని గడువు తప్పింది. వనరును పట్టుకొన్న పనికి, దాని కోసం వేచి ఉన్న పని ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా సంక్రమింపజేసే ఏర్పాటును భూమి నుండే అమలు చేసి ఇంజినీర్లు సమస్యను సరిదిద్దారు.

క్షేత్ర పరీక్షలో గమనించవలసినవి

• స్పందన సమయంలో సగటుతో పాటు గరిష్ఠాన్ని, హెచ్చుతగ్గులను నమోదు చేయాలి.
• దట్టమైన కలుపు, నీడలు, దుమ్ము ఉన్న పరిస్థితులలో కూడా పరీక్షించాలి.
• వాల్వు యాంత్రిక జాప్యాన్ని లెక్కలో చేర్చాలి.
• సిఫారసులో మందు మోతాదుతో పాటు ట్రాక్టర్ గరిష్ఠ వేగాన్ని పేర్కొనాలి.

ఒక ఎకరం శుభ్రమైన ప్రదర్శనా క్షేత్రంలో చక్కగా పనిచేసిన యంత్రం రైతు పొలంలో విఫలం కావడానికి ఈ అంశాలలో ఏ ఒక్కటైనా కారణం కావచ్చు. రైతు మందుకు, అద్దెకు పెట్టే ఖర్చు ఆ కొద్ది మిల్లీసెకన్లపై ఆధారపడి ఉన్నందున, సిఫారసుకు ముందే వాటిని కొలవడం అత్యావశ్యకం.