యూద మతంలో పరోపకారం: ఆరాధనగా దాని స్థానం

దానధర్మాలను ప్రోత్సహించని మతం లేదు. అయితే దానం కన్నా ఉన్నతమైన సత్కార్యం మరొకటి ఉన్నదని యూద ధర్మవేత్తలు బోధించారు.

హిబ్రూ భాషలో దానాన్ని 'త్సెదకా' అంటారు. అరబీలోని 'సదఖా'కు ఇది సోదర పదం. హిబ్రూలో ఈ ధాతువుకు న్యాయమనే అర్థమున్నది. కనుక పేదవానికి ఇవ్వడం దాత ఔదార్యం కాదు, అతని విధి. 'గెమిలూత్ హసాదీం' దీనికి భిన్నమైనది. అనగా కరుణతో చేసే ఉపకారం. ఈ రెండింటి మధ్య తల్మూద్ మూడు వ్యత్యాసాలు చూపింది. దానం ధనంతో జరుగుతుంది. ఉపకారం ధనంతోనూ, శరీర శ్రమతోనూ జరుగుతుంది. దానం పేదలకే, ఉపకారం పేదలకూ, ధనికులకూ. దానం జీవించి ఉన్నవారికే. ఉపకారం మరణించినవారికి కూడా.

ఇది కేవలం నీతిగా మిగలక ఆరాధన ఎలా అయింది? దేవుని వెంట నడవమని వారి గ్రంథం ఆదేశిస్తున్నది. మానవునికి అది ఎలా సాధ్యమన్న ప్రశ్నకు తల్మూద్ పండితుల సమాధానమిది: దేవుడు ఆదం (అ) దంపతులకు వస్త్రాలిచ్చాడు, అస్వస్థుడైన ఇబ్రాహీం (అ)ను పరామర్శించాడు, తండ్రిని కోల్పోయిన ఇస్‌హాఖ్ (అ)ను ఓదార్చాడు, మూసా (అ)ను ఖననం చేశాడు. ఆయన చేసిన ఈ పనులే మనిషీ చేయాలి. వివరాలు వారి సంప్రదాయానికి చెందినవే అయినా, భావం స్పష్టం.

క్రీ.శ. 70లో రోమన్ సైన్యం బైతుల్ మఖ్దిస్‌లోని ఆలయాన్ని ధ్వంసం చేసింది. బలులు ఆగిపోయాయి. ఇక పాప పరిహారానికి మార్గమేదని విలపించిన శిష్యుణ్ణి యోహనాన్ బెన్ జక్కాయ్ అనే ధర్మవేత్త ఓదార్చినట్లు వారి గ్రంథాలు చెబుతున్నాయి. బలికి సాటియైన పరిహారం పరోపకారమేనని, హోషేయ గ్రంథాన్ని ఆధారంగా చూపి, ఆయన బోధించాడు. ఆలయం లేకున్నా ఆరాధన నిలిచింది.

ఉపకారాలన్నింటిలో మృతుల సేవను 'నిజమైన దయ' అంటారు. మృతుడు ప్రత్యుపకారం చేయలేడు గదా! ఒకప్పుడు అంత్యక్రియల ఖర్చు మరణ దుఃఖం కన్నా భారమై, బంధువులు శవాన్ని వదలి పారిపోయేవారట. రబ్బన్ గమలీయేల్ సాదా నారబట్టలలోనే ఖననమై, ఆ ఆడంబరానికి స్వస్తి పలికాడు. నేటికీ 'హెవ్రా కదీషా' అనే సంఘాలవారు శవానికి స్నానం చేయించి, ధనిక పేద భేదం లేకుండా తెల్లని కఫన్ తొడుగుతారు. గుసుల్, కఫన్‌లను ఫర్జె కిఫాయాగా ఎరిగిన ముస్లిములకు ఇందులోని అంతరార్థం సులభంగా బోధపడుతుంది.

మరి ఈ ఉపకారం తమవారికే పరిమితమా? సోదరుని వద్ద వడ్డీ నిషేధించిన యూద ధర్మశాస్త్రమే అన్యుని వద్ద దానిని అనుమతించింది. అయితే, పరదేశిని మీవలె ప్రేమించండి, మీరూ ఈజిప్టులో పరదేశులే అని ఆదేశించినదీ అదే. శాంతి నిమిత్తం అన్యమతస్థుల పేదలను పోషించాలని, వారి రోగులను పరామర్శించాలని, మృతులను ఖననం చేయాలని తల్మూద్ నిర్దేశించింది. ప్రతిఫలం ఆశించలేని చోట, పరిచయం లేని వాని పట్ల చూపే దయలోనే ఏ సమాజపు ఆరాధన అయినా పరీక్షకు నిలుస్తుంది.