బొగ్గుబాయి సన్నివేశాలు ఎవరి సొత్తు?

రామగుండం, గోదావరిఖని ప్రాంతపు బొగ్గుబెల్టును నేపథ్యంగా తీసుకొని ఎవరు కథ రాసినా, ఎవరు సినిమా తీసినా కొన్ని దృశ్యాలు అందులోకి రాక మానవు. బాయి సైరన్ మోగడం, తలకు ల్యాంపు కట్టుకొని కార్మికులు షిఫ్టుకు దిగడం, కప్పు కూలిందన్న వార్తకు క్వార్టర్లలోని ఆడవాళ్లు బాయి గేటు దగ్గరికి పరుగెత్తడం, తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆ డిపెండెంట్ ఉద్యోగం ఏ కొడుక్కి దక్కాలన్న తగువు, ఓపెన్‌కాస్ట్ కింద ఊరు ఊరంతా లేచిపోవడం వంటివి ఆ నేల మీది జీవితంలోనే ఉన్నాయి గనుక, ఒకరిని చూసి మరొకరు రాయకపోయినా పది మంది రచనల్లో పదిసార్లు కనిపిస్తాయి. ఇలాంటి పోలిక కనిపించినప్పుడల్లా వినిపించే కాపీ ఆరోపణను న్యాయస్థానాలు ఏ కొలతతో కొలుస్తాయో రచయితలతో పాటు పాఠకులకూ ప్రేక్షకులకూ తెలియవలసిన అవసరం ఉంది.

ఒక ఇతివృత్తాన్ని ఎత్తుకున్న తరువాత తప్పనిసరిగా వచ్చి తీరే సన్నివేశాన్ని న్యాయశాస్త్రంలో ‘సేన్ ఆ ఫేర్’ అంటారు. 19వ శతాబ్దపు ఫ్రెంచి నాటక విమర్శకుడు ఫ్రాన్సిస్క్ సార్సే, ప్రేక్షకుడు ఎదురుచూసే, నాటకకర్త దాటవేయడానికి వీల్లేని ఘట్టాన్ని సూచించడానికి వాడిన ఈ మాట, 1942లో అమెరికాలోని ఒక తీర్పు ద్వారా కాపీరైట్ చట్టంలోకి వచ్చింది. తుఫానులో చిక్కుకున్న జంట చర్చిలో తలదాచుకునే ఘట్టాన్ని తన నవల నుంచి తీసుకున్నారని జేమ్స్ ఎం. కెయిన్ అనే నవలాకారుడు యూనివర్సల్ సంస్థ మీద వేసిన దావాలో, చర్చిలో చిక్కుకున్నవారు ప్రార్థన చేయడం, ఆకలికి తంటాలు పడడం వంటివి ఆ పరిస్థితి నుంచే పుట్టుకొస్తాయని, వాటి మీద ఎవరికీ ప్రత్యేక హక్కు ఉండదని న్యాయమూర్తి యాంక్విచ్ తేల్చారు.

బొగ్గుబెల్టుకు మరింత దగ్గరగా ఉన్న తీర్పు 1986 నాటిది. న్యూయార్క్‌లోని సౌత్ బ్రాంక్స్ పోలీస్ స్టేషన్‌లో పనిచేసిన థామస్ వాకర్ అనే అధికారి తన అనుభవాలను ‘ఫోర్ట్ అపాచీ’ పేరుతో పుస్తకంగా రాయగా, 1981లో అదే స్టేషన్ నేపథ్యంతో వచ్చిన సినిమా తన పుస్తకాన్ని కాపీ చేసిందని ఆయన కోర్టుకు వెళ్లారు. తాగుబోతులు, వేశ్యలు, ఎలుకలు, పాడుబడ్డ కార్లు రెండింటిలోనూ ఉన్న మాట నిజమే అయినా, ఆ పేటలోని పోలీసుల గురించి నిజాయితీగా రాసే ఏ రచనలోనైనా అవి ఉండి తీరతాయని అప్పీలు కోర్టు భావించి ఆయన వాదనను తోసిపుచ్చింది. స్వయంగా అక్కడ పనిచేసి, ఆ జీవితాన్ని అనుభవించి రాసిన మనిషికి ఈ తీర్పు కఠినంగా తోచడం సహజం. తట్టతో, చెమ్మస్ అనే పారతో బొగ్గు టబ్బులు నింపిన కార్మికుడు రాసుకున్న కథకూ, హైదరాబాద్ నుంచి నాలుగు రోజులు వచ్చి చూసిపోయిన వ్యక్తి రాసిన స్క్రిప్టుకూ ఉమ్మడి దృశ్యాల విషయంలో చట్టం ఒకే స్థానం ఇస్తుంది. అయినా ఇది న్యాయమైన సూత్రమే. సైరన్ మీదా, సమ్మె మీదా, బాయి గేటు మీదా ఆస్తి హక్కు ఇవ్వడం మొదలుపెడితే, ఆ హక్కు చివరికి చేరేది వకీళ్లను పెట్టుకోగల నిర్మాణ సంస్థల చేతికే గాని కార్మికుడి చేతికి కాదు. అప్పుడు తన బతుకును తాను రాసుకోవడానికి అతని కొడుకు ఇంకొకరి అనుమతి కోరవలసి వస్తుంది.

వాస్తవ సంఘటనల విషయంలో ఈ సూత్రం ఇంకా బలంగా నిలుస్తుంది. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి చస్నాలా గనిలోకి నీరు చొరబడి వందలాది కార్మికులు చనిపోగా, ఆ ఘోరం నీడలో యశ్ చోప్రా 1979లో ‘కాలా పత్థర్’ తీశారు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చేరి 17 మంది కార్మికులు మరణించారు. ఈ రెండో దుర్ఘటన మీద రేపు ఎవరైనా నవల రాస్తే, నీరు ముంచెత్తడం, లోపల దారి మూసుకుపోవడం, పైన పంపులు పెట్టడం, శవాల కోసం కుటుంబాలు ఎదురుచూడడం అన్నీ ‘కాలా పత్థర్’ను గుర్తుచేయవచ్చు. కానీ ఆ పోలికకు కారణం గని ప్రమాదాల స్వభావమే గాని చౌర్యం కాదు. హిండెన్‌బర్గ్ ఆకాశనౌక దగ్ధమైన ఘటన మీద వచ్చిన వివాదంలో 1980లో అమెరికా అప్పీలు కోర్టు, చారిత్రక వాస్తవాలే కాదు, వాటికి ఒక పరిశోధకుడు చెప్పిన కారణం కూడా ఇతరులు వాడుకోదగినదేనని చెప్పింది.

భారతదేశంలో ఈ విషయానికి పునాది వేసింది 1978లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్.జి. ఆనంద్ తీర్పు. ప్రాంతీయ దురభిమానం మీద ఆనంద్ రాసిన ‘హమ్ హిందుస్తానీ’ నాటకం 1954లో ఢిల్లీలో ప్రదర్శితమైంది. 1956లో వచ్చిన ‘న్యూఢిల్లీ’ సినిమాలోనూ పంజాబీ కుటుంబం, దక్షిణాది కుటుంబం, వారి పిల్లల ప్రేమ ఉండడంతో ఆయన దావా వేశారు. ఆలోచన, ఇతివృత్తం, కథాంశం, చారిత్రక లేదా పౌరాణిక విషయం ఎవరి సొంతమూ కావని, కాపీరైట్ వర్తించేది రచయిత ఆ ఆలోచనను వ్యక్తీకరించిన రూపానికీ, అమరికకూ మాత్రమేనని జస్టిస్ ఫజల్ అలీ వివరించారు. రెండు రచనలనూ చూసిన సాధారణ ప్రేక్షకుడికి రెండోది మొదటిదానికి నకలన్న అభిప్రాయం నిస్సందేహంగా కలుగుతుందా అన్నదే నమ్మదగిన పరీక్ష అని కూడా ఆ తీర్పు చెప్పింది. సినిమా ప్రాంతీయతతో ఆగకుండా ఇల్లు అద్దెకు దొరకని బాధను, కట్నం దురాచారాన్ని కూడా చేర్చుకొని వేరే దారిన నడిచింది గనుక ఆనంద్ ఓడిపోయారు. అయితే జస్టిస్ పాఠక్ తన వేరు అభిప్రాయంలో, నకలు చేసినవారు ఇలాంటి మార్పుల చాటున తప్పించుకునే ప్రమాదం ఉందన్న సంకోచాన్ని దాచుకోలేదు. ఆ సంకోచాన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది, ఎందుకంటే అందరి సొత్తు అన్న మాట దొంగకు కవచం కాకూడదు.

అందరి సొత్తుకూ ఒకరి రచనకూ మధ్య గీత ఎక్కడుందో చూపే తెలుగు ఉదాహరణ 2023 మార్చిలో విడుదలైన ‘బలగం’ సినిమా. చనిపోయిన పెద్దమనిషికి పెట్టిన పిండాన్ని కాకి ముట్టకపోవడం చుట్టూ అల్లిన ఆ కథకు తన పాత కథ మూలమని ఒక పాత్రికేయుడు ఆరోపించగా, అది తెలంగాణ ఇళ్లలో అందరికీ తెలిసిన ఆచారమని దర్శకుడు వేణు బదులిచ్చారు. కాకి ముట్టడం అన్న నమ్మకం నిజంగానే ఎవరిదీ కాదు. కాకి ఎందుకు ముట్టలేదు, దానికి కుటుంబంలో ఎవరెవరి మధ్య ఏ పాత గాయం కారణం, అది ఏ వరుసలో బయటపడుతుంది అన్నవి మాత్రం ఒక రచయిత కల్పనకు చెందినవి. 2015 నాటి ‘శ్రీమంతుడు’ విషయంలో, తన నవల నుంచి కథ తీసుకున్నారన్న ఒక రచయిత ఫిర్యాదుపై నడుస్తున్న క్రిమినల్ కేసులో జోక్యం చేసుకోవడానికి 2024 జనవరిలో సుప్రీంకోర్టు నిరాకరించింది. అది కాపీ జరిగిందన్న తీర్పు కాదు గాని, ఇలాంటి ఫిర్యాదు విచారణ దాకా వెళ్లగలదని చూపుతుంది.

అందరి దృశ్యానికీ ఒకరి కల్పనకూ మధ్యనున్న ఈ తేడా బొగ్గుబెల్టు రచయితకు ఆచరణలో ఎలా పనిచేస్తుందో ఊహించడం కష్టం కాదు. కదిలే రైలు నుంచి బొగ్గు దొంగిలించే కుర్రాళ్లను 2023లో ‘దసరా’ సినిమా చూపింది గనుక మరో కథలో ఆ దృశ్యం రాకూడదనే నియమం లేదు. కానీ అలాంటి కుర్రాళ్లలో ఒకడు ఫలానా అబద్ధం చెప్పడం, దానివల్ల ఒక పెళ్లి తప్పిపోవడం, ఆ అవమానం ఒక హత్యకు దారి తీయడం, ఆ హత్యను ఫలానా వ్యక్తి తన మీద వేసుకోవడం అన్న గొలుసు మొత్తాన్ని, అదే క్రమంలో, అవే మాటల ఛాయలతో మరొకరు ఎత్తుకుంటే, పాత్రల పేర్లూ ఊరి పేరూ మార్చినంత మాత్రాన అది నిర్దోషం కాదు. వేరువేరుగా చూస్తే అందరికీ చెందిన దృశ్యాలే, ఒకచోట కూర్చిన తీరులో ఒకరి రచన అవుతాయి.

ఆ రచన కాగితం మీద ఉండాలన్నది ఇక్కడ కీలకం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది, రచయిత జీవితకాలం తరువాత మరో 60 ఏళ్లు వారసులకు ఉంటుంది. రాయకుండా, హోటల్ గదిలో నిర్మాతకు నోటితో వినిపించిన ఆలోచనకు మాత్రం కాపీరైట్ రక్షణ దొరకడం కష్టం. అక్కడ పనికివచ్చేది వేరే సూత్రం. ‘కృష్ కన్హయ్యా’ అనే టీవీ కార్యక్రమపు ఆలోచనను ఒక సంస్థ జీ టెలిఫిల్మ్స్‌కు వినిపించిన తరువాత అలాంటి కార్యక్రమమే ప్రసారానికి సిద్ధం కాగా, నమ్మకంతో చెప్పిన విషయాన్ని అనుమతి లేకుండా వాడుకోరాదన్న ప్రాతిపదికన 2003లో బొంబాయి హైకోర్టు దాన్ని నిలిపివేయడాన్ని సమర్థించింది. అందువల్ల గోదావరిఖని నుంచి ఫిల్మ్‌నగర్‌కు కథ పట్టుకెళ్లే కుర్రాడు ముందుగా సన్నివేశాల వరుసను తేదీతో సహా రాసి పెట్టుకోవడం, ఎవరికి ఎప్పుడు వినిపించాడో ఒక ఈమెయిల్ ద్వారానైనా నమోదయ్యేలా చూసుకోవడం ఎంతో అవసరం.